నర్సమ్మ లేచి చెప్పిన మాట

మొన్న ఉదయగిరి నుంచి ఫోను వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అద్దెకున్న ఇంటివాళ్ళ కోడలు. అవీ ఇవీ మాట్లాడి చివర్లో, "నర్సమ్మ పోయింది టీచరమ్మా, మర్రిపాడులోనే. మీకు తెలుసో లేదో అని" అంది. నాకు తెలియదు.

ఈ ముప్పై ఏళ్ళలో ధైర్యవంతులని పేరున్నవాళ్ళను కొందరిని చూశాను. వేదికల మీద గొంతెత్తి మాట్లాడినవాళ్ళను చూశాను. ఎవరిని చూసినా నర్సమ్మతో పోల్చుకోవడం నాకు అలవాటైపోయింది. ఆమె ఒకే ఒక్కసారి, ముప్పై నలభై మంది ఆడవాళ్ళ ముందు, బడి వరండాలో మాట్లాడింది. దానికి సాటి వచ్చేది ఇంకా నా కంట పడలేదు.

ఆమె అసలు పేరు రాయను. ఊళ్ళో కూడా ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు. నర్సు కాబట్టి అందరికీ నర్సమ్మ. నాకు అక్క.

తొంభైల మొదట్లో నాకు ఉదయగిరికి దగ్గర్లో ఒక పల్లెలో టీచరుగా ఉద్యోగం వచ్చింది. మాది ఆత్మకూరు. పెళ్ళి కాని పిల్లను ఒక్కదాన్నే ఉంచడానికి మా నాయనకు మనసొప్పలేదు. ఉదయగిరిలో ఒక ఇంటి పక్క వాటాలో నర్సమ్మ ఉంటుందనీ, ఆమె పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రం నా పల్లెలోనే ఉందనీ తెలిసి చూడ్డానికి వచ్చాడు. చూసి, వాకిట్లోకి వచ్చి, నా చెవిలో "ఈమె అడ్డంగా నిలబడితే చాలు, ఏ దొంగా లోపలికి రాడు" అన్నాడు. మా నాయన రహస్యం వీధి చివరిదాకా వినిపిస్తుంది. నర్సమ్మ లోపల్నుంచే, "కూర్చున్నా రాడులే నాయనా" అంది. ఆయన సిగ్గుపడిపోయాడు. ఆమె పగలబడి నవ్వింది.

అది ఆమె పద్ధతి. ఎవరైనా నవ్వేలోగా తనే నవ్వేసేది. బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ముందు నిలబడి, "నేనొకటి, నా ఒళ్ళొకటి, లెక్క సరిపోయింది" అనేది. కుర్చీలో కూర్చోబోయే ముందు దాని చేతులను తడిమి చూసుకునేది. దర్జీని కొలత తీసుకోనిచ్చేది కాదు. పాత జాకెట్టును కాగితంలో చుట్టి ఇచ్చి, తిరిగి చూడకుండా వచ్చేసేది.

బస్సు మమ్మల్ని రోడ్డు మీద దింపితే పల్లెకు మైలున్నర నడక. ఆ దారిలో ఆమె మూడు చోట్ల ఆగక తప్పదు. వాటికి స్టేజీలని పేరు పెట్టింది. "కానుగచెట్టు స్టేజీ, దిగేవాళ్ళు దిగండమ్మా" అని కండక్టరులా కేకేసి రాతి మీద కూలబడేది. ఆయాసం తగ్గేదాకా పల్లెలో ఒక్కో ఇంటి కథ చెప్పేది. తన ఆయాసం మీదికి నా చూపు పోకుండా ఉండడానికే ఆ కథలని నాకు చాలా రోజులకు అర్థమైంది.

కాన్పుకు రమ్మని ఎవరైనా వస్తే మాత్రం స్టేజీలు ఉండవు. ఒక మధ్యాహ్నం గుట్ట పక్కన గొర్రెలు కాసేవాళ్ళ ఇళ్ళ నుంచి కబురొచ్చింది. చెప్పుల్లోంచి కూడా కాళ్ళు కాలే ఎండ. బడి వదిలేసి సంచీ పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. ఎక్కడా ఆగలేదు ఆమె. పెదాలు నల్లబడ్డాయి, చీర తడిసి వీపుకు అంటుకుపోయింది, అడుగు మాత్రం తప్పలేదు. గుడిసె ముందు ఒక్క నిమిషం గుంజ పట్టుకుని నిలబడి, చేతులు కడుక్కుని, తల వంచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని, "ఆడపిల్ల. ఎంత గట్టిగా ఏడస్తా ఉండాదో చూడు, బాగా బతుకుతాది" అంది.

నలుగురిలో ఆమె తిండి చాలా తక్కువ. పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం ఎవరు పెట్టినా "కడుపులో బాగలేదు" అని తప్పించుకునేది. శుక్రవారం ఉపవాస ప్రార్థన. "పాపం, ఏమీ తినదు, అది నీరు పట్టిన ఒళ్ళు" అని పల్లెలో అనుకునేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను.

శనివారం సాయంత్రం ఆత్మకూరు పోయి సోమవారం పొద్దున రావడం నా అలవాటు. ఒకసారి సోమవారం బస్సులు తిరగవని తెలిసి ఆదివారం మధ్యాహ్నమే వచ్చేశాను. ఆమె వాకిలి గడియ పెట్టి ఉంది. చర్చి నుంచి వచ్చి పడుకుందేమో అనుకుని పెరటి వైపు నుంచి వంటింట్లోకి వెళ్ళాను. వంటిల్లు మా ఇద్దరికీ ఒకటే.

ఆమె నేల మీద కూర్చుని ఉంది. అన్నం గిన్నె ఒళ్ళో ఉంది. పక్కన పచ్చడి జాడీ, బెల్లం, మా అమ్మ నాకు కట్టిచ్చిన అరిసెల డబ్బా. ఏది ముందు, ఏది వెనక అని లేదు. నమలడం లేదు. ఒక ముద్ద దిగేలోపలే ఇంకో ముద్ద. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసింది. చూసినా చెయ్యి ఆగలేదు. ఎడమ చేత్తో మాత్రం పొమ్మని సైగ చేసింది. అన్నం తింటున్న మనిషి ముఖంలో అంత భయం నేను ఎన్నడూ చూడలేదు.

పొద్దు వాలాక నా గది గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీయమ్మ అరిసెలు అయిపోయినాయి. నేనే తినేసినా."

"పోనీలే అక్కా."

"పోనీలే అనబాక. నువ్వు చూసినావు గదా. చెప్తా, విను."

నా మంచం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఆకలి కాదు అమ్మాయ్. ఆకలైనోళ్ళు అన్నం చూస్తే సంతోషపడతారు. నాకు ఆ టయాన ఉప్పు తెలీదు, తీపి తెలీదు. లోపల ఏందో కుమ్ముతా ఉంటాది. తింటా ఉన్నంతసేపు అది నోరు మూసుకుంటాది. తినడం అయినాక రెండింతలు తిడతాది."

"ఎప్పటినుంచి అక్కా?"

"మా అత్తోళ్ళింట్లో నాకు కొలిచి పెట్టేటోళ్ళు, లావయిపోతానని. అప్పుడు దాక్కోని తినడం నేర్చుకున్నా. వాళ్ళు నన్ను ఒదిలేసి పదేళ్ళయింది. ఇది మాత్రం ఒదల్లా."

పాస్టరుగారి భార్య ఉపవాసం ఉండమని సలహా ఇచ్చిందట. మూడు రోజులు మంచినీళ్ళతో ఉంటుంది, నాలుగో రోజు ఇట్లా అవుతుంది. ఎంత గట్టిగా పస్తుంటే అంత గట్టిగా వస్తుంది. ఒకసారి నెల్లూరులో ఒక డాక్టరు దగ్గరికి పోయిందట. బరువు చూసే మిషను ఎక్కమన్నారు. ముల్లు చివరిదాకా పోయి ఆగింది. అక్కడున్న కాంపౌండరు నవ్వాడు. "మందెందుకమ్మా, నోరు కట్టుకుంటే సరిపోయె" అన్నాడు డాక్టరు. అక్క చెప్పాలనుకుని పోయింది చెప్పకుండానే బయటికొచ్చింది. "ఆ పొద్దు బస్టాండు గోడ పక్కన నిలబడి నేను తినింది ఇంకెప్పుడూ తినలా" అంది.

తర్వాత గొంతు తగ్గించి, "రెండుసార్లు బావిదాకా పోయినా. నన్ను పైకి తీసేదానికి ఎంతమంది కావాలో, వాళ్ళు ఎంత నవ్వుకుంటారో అనిపించింది. తిరిగొచ్చినా" అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చేతిని గట్టిగా నొక్కింది.

"ఎవురికీ చెప్పబాక. ఒకరి మీద చెయ్యేసి సూది ఎయ్యాలంటే మర్యాద ఉండాల. ఈ సంగతి తెలిస్తే పల్లెలో నన్నెవురూ గడప తొక్కనీరు."

ఒట్టు వేశాను. ఆ తర్వాత నెలకు రెండు మూడుసార్లు ఆమె వాకిలి పట్టపగలే గడియ పెట్టి ఉండేది. నేను వంటింటి వైపు పోకుండా ఉండడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలిసేది కాదు.

ఆ ఏడాదే మా వైపు ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. కలిగిరి వైపు మొదలైన గొడవ రోడ్డెంబడి పల్లె పల్లెకూ వచ్చింది. మా పల్లె ఆడవాళ్ళు సారా ప్యాకెట్లు వీధిలో పోసి తొక్కారు. తర్వాత తాగుబోతు మొగుళ్ళను ఒక్కొక్కరినే బడికి పిలిపించి ఒట్టు వేయించడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం పిల్లలను పంపించేశాక బడి వరండా ఆడవాళ్ళతో నిండిపోయింది. మధ్యలో పెంచలమ్మ మొగుడు కూర్చున్నాడు. పక్కన పెంచలమ్మ, నుదుటి మీద కట్టు. రెండు రోజుల కిందట అతను కొట్టిన దెబ్బ అది. కట్టు కట్టింది నర్సమ్మే. ఆమె గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన ఉన్నాను.

"ఇంక తాగనని చెప్పు అందరి ముందర" అంది పెంచలమ్మ.

అతను తల ఎత్తలేదు. "మూడుసార్లు చెప్పినా గదా. మానలేకపోతా ఉండా" అన్నాడు.

అంతే, వరండా భగ్గుమంది. "మానలేకపోయేదేంది? ఎవురన్నా నోట్లో పోస్తా ఉండారా?" "దొంగమాటలు!" "గుండు కొట్టిచ్చి ఊరేగించండి ముందు!" ఒకామె చీపురు ఎత్తింది. ఇంకొకామె అతని జుట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళు తిన్న దెబ్బలన్నీ ఆ చేతుల్లోకి వచ్చేశాయి. వాళ్ళను తప్పు పట్టలేను.

నర్సమ్మ లేచింది.

"ఆగండమ్మా. కొట్టినదానికి ఏం శిక్ష ఏస్తారో ఎయ్యండి. పోలీసుల దగ్గరికంటే నేనూ వస్తా, ఆ దెబ్బ చూసింది నేనే. కానీ మానలేకపోతా ఉండా అన్నాడే, ఆ ఒక్క మాట అబద్ధం అనబాకండి."

"నీకేం తెలుసు నర్సమ్మా, నువ్వెప్పుడన్నా తాగినావా?" అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

ఆమె ఏం చెప్పబోతోందో ఆ వరండాలో నాకొక్కదానికే తెలుసు. కొంగు పట్టి లాగాను. ఆమె నా వైపు చూడలేదు.

"నాది సారా కాదు, అన్నం" అంది. "నేనేమీ తిననని మీరంతా అనుకుంటా ఉండారు. మీ ముందర తినను. ఇంటికిపోయి గడియేసుకోని కుండలు కుండలు తింటా. కడుపు నొప్పి పుట్టినా ఆపలేను. ఏడస్తా తింటా. రేపట్నుంచి తిననని నేను ఏసుకోని ఒట్టు లేదు. మీకు సారా అంగడి మూయమని అడిగే దారుండాది. నేను ఏ అంగడి మూయమందును? రోజూ మూడుపూట్ల దాని ముందర కూర్చోవాల్సిందే గదా."

వెనక వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. నర్సమ్మ అట్లాగే నిలబడి ఉంది. అంత ఒళ్ళూ అందరి కళ్ళ ముందు, దాచుకోవడానికి ఒక నవ్వు కూడా అడ్డం పెట్టుకోకుండా.

ముందు వరసలో వెంగమ్మవ్వ ఉండింది. పల్లెలో ఆమె నోటికి అందరూ భయపడతారు. ఆమె తల తిప్పి, స్తంభం చాటున కూర్చున్న తన కోడలి వైపు చూసింది. బొద్దుగా, ఎప్పుడూ కొంగు నిండా కప్పుకుని ఉండే పిల్ల.

"అది కూడా కొట్టంలో దాక్కోని తింటాది నర్సమ్మా" అంది అవ్వ. "నేను దొంగముండా అని కొట్టినా. రెండేళ్ళుగా కొడతానే ఉండా."

పెంచలమ్మ నర్సమ్మ దగ్గరికి వచ్చి, "నువ్వు నర్సమ్మవి గదమ్మా, నీకే మందు లేదా?" అని అడిగింది.

"ఉండాదో లేదో తెలీదు పెంచలమ్మా."

ఆ రోజు పెంచలమ్మ మొగుడిని ఎవరూ కొట్టలేదు. అలాగని పెంచలమ్మ అతనితో పోలేదు. పిల్లలను తీసుకుని వాళ్ళన్న ఇంటికి పోయింది, అతను తాగుడు మానేసి ఆరు నెలలయ్యేదాకా తిరిగి రాలేదు.

తిరుగుదారిలో అక్క ఒక్క స్టేజీ పేరు కూడా పలకలేదు. మర్నాడు నాకు చెప్పకుండా ముందు బస్సుకే వెళ్ళిపోయింది. నా ముఖం చూడడానికి సిగ్గుపడిందనుకున్నాను. నేను బడికి చేరేసరికి ఉపకేంద్రం తలుపు తీసి ఉంది. లోపల వెంగమ్మవ్వ కోడలు కూర్చుని ఉంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆ పిల్ల బయటికి రాలేదు.

పది రోజులకు అక్క సెలవు పెట్టి, ఆ పిల్లనూ వెంగమ్మవ్వనూ వెంటబెట్టుకుని నెల్లూరు పోయింది. తన కోసమైతే ఇంకో డాక్టరు గడప తొక్కేది కాదు. ఆ పిల్ల కోసం నలుగురిని విచారించి, మనసు జబ్బులు చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడని తెలుసుకుంది. సాయంత్రం తిరిగొచ్చి సంచీ కూడా దించకుండా నా గదిలోకి వచ్చింది.

"నా బరువు అడగలా అమ్మాయ్!"

ఆ మాట ఆ వారంలో పదిసార్లైనా చెప్పి ఉంటుంది. బరువు అడగలేదు, మిషను ఎక్కమనలేదు. "ఇట్లా అయ్యే రోజుకు ముందు రోజు ఏం తిన్నారు?" అని అడిగాడట. ఏమీ తినలేదని ఇద్దరూ చెప్పారు. ఆయన పెన్ను కింద పెట్టి, "ఇది దొంగతనం కాదు, తిండిపోతుతనం కాదు. జబ్బు. మీరిద్దరే కాదు, చాలామంది ఉన్నారు" అన్నాడట. ఉపవాసాలు మానమన్నాడు. వేళకు మూడు పూటలా తినమన్నాడు, ఒంటరిగా తినొద్దన్నాడు, మాత్రలు రాసిచ్చాడు. వెంగమ్మవ్వ బస్సులో ఆత్మకూరు వచ్చేదాకా కోడలి చెయ్యి వదల్లేదని చెబుతూ అక్క కళ్ళు తుడుచుకుంది.

అప్పటినుంచి మధ్యాహ్నం పూట ఉపకేంద్రం వరండాలో ఒక పంక్తి మొదలైంది. మొదట నర్సమ్మ, ఆ కోడలు, నేను. తర్వాత అంగన్‌వాడీలో వంటచేసే ఆమె వచ్చింది. తర్వాత ఎండిపోయిన కట్టెలాగా ఉండే ఒక రైతు భార్య వచ్చి, "నేను సన్నగా ఉండాను గానీ నాదీ ఇదే" అంది. గిన్నెలు తెచ్చుకుని, దారిన పోయేవాళ్ళకు కనబడేట్టు కూర్చుని తినేవాళ్ళు. మొదటి రోజుల్లో నర్సమ్మ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసేది. మాట్లాడుతూ తినమని ఒకరికొకరు గుర్తు చేసుకునేవాళ్ళు. వెంగమ్మవ్వ అప్పుడప్పుడూ పులుసు గిన్నె తెచ్చి, ముందు కోడలికి వేసి, తర్వాత మిగిలినవాళ్ళకు వేసేది.

ఎగతాళి పేరు రాకుండా ఉండలేదు. ఉదయగిరి బజారులో కుర్రాళ్ళు "కుండల నర్సమ్మ" అన్నారు. ఆత్మకూరులో నెలవారీ మీటింగులో ఒక పై అధికారి అందరి ముందూ, "నర్సమ్మగారికి టిఫిను రెండు ప్లేట్లు పెట్టండయ్యా" అన్నాడట. అంతకు ముందైతే ఆమే ముందు నవ్వి ఉండేది. ఆ రోజు నవ్వలేదట. "ఒక ప్లేటు చాలు సార్. నాకు జబ్బుండాది, మందు తింటా ఉండా. జబ్బు మీద నవ్వకూడదని మనమే గదా పల్లెల్లో చెప్తా ఉండేది" అందట. ఆయన తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఆమె సన్నబడలేదు. అట్లా అని రాస్తే అబద్ధమవుతుంది. జబ్బు పూర్తిగా పోయిందనీ చెప్పలేను. నెలకు మూడుసార్లు గడియ పడే తలుపు రెండు నెలలకొకసారి పడేది. పడిన రోజు సాయంత్రం తనే వచ్చి, "ఈ పొద్దు మళ్ళా వచ్చింది" అని చెప్పేది. మర్నాటి తిండి మాత్రం మానేది కాదు. పొద్దునే లేచి, వేళకు ఇడ్లీలు పెట్టుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తినేది. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది ఆ మర్నాటి ఇడ్లీలే.

మూడేళ్ళ తర్వాత ఆమెకు మర్రిపాడుకు బదిలీ అయింది. సామాను లారీలో పంపించి, ఇద్దరం బస్సులో ఆత్మకూరుదాకా వచ్చాం. బస్టాండు ఎదురుగా హోటల్లో భోజనం చేశాం. పక్క బల్ల మీదివాళ్ళు ఆమె ఆకు వైపు చూస్తూనే ఉన్నారు. ఆమె సాంబారు పోయించుకుని, పెరుగు కలుపుకుని, తీరిగ్గా తిని లేచింది.

మర్రిపాడు బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఇన్నేళ్ళుగా అడగని మాట అడిగాను.

"ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నావు. ఆ రోజు అంతమందిలో ఎట్లా చెప్పగలిగావక్కా?"

"చెప్దామని లేవలేదు అమ్మాయ్. వాణ్ణి చావగొడతారని లేచినా. ఆపుదామని నోరు తెరిస్తే నాది బయటికి వచ్చేసింది."

బస్సు వచ్చింది. జనం ఎక్కేదాకా పక్కకు జరిగి నిలబడ్డాం.

"ఆ పొద్దు ఇంటికి పోయినాక బదిలీ కావాలని అర్జీ రాసినా. నీకు కూడా చెప్పలా. తెల్లారి ముందు బస్సుకే పల్లెకొచ్చినా, ఉపకేంద్రం బీగాలు సర్పంచి ఇంట్లో ఇచ్చేసి, అట్నే ఆఫీసుకు వచ్చి అర్జీ ఇద్దామని. ఇంక ఆ పల్లెలో ఏ మొహం పెట్టుకోని తిరుగుతా?"

"మరి?"

"వచ్చేసరికి మెట్ల మీద వెంగమ్మ కోడలు కూర్చోనుంది. ఎప్పుడొచ్చిందో ఏమో, మంచుకు చీర తడిసి ఉండాది. నన్ను చూసి లేచి, 'నాక్కూడా అంతే నర్సమ్మా' అనింది. ఇంకో మాట రాలా దాని నోట్లోంచి."

కండక్టరు విజిలు వేశాడు. ఆమె కడ్డీ పట్టుకుని ఒక మెట్టు ఎక్కి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"నువ్వేం చేశావు?" కింద నుంచి అడిగాను.

"ఏం చేస్తా? బీగం తీసి, లోపలికి రామ్మా అన్నా."